మూడో కంట పడకుండా: 18వ శతాబ్దపు ఇంగ్లండు కార్ఖానాదారుల ఉత్తరాలు

సభకు నమస్కారం.

ఒక లెక్కతో మొదలుపెడతాను. 17 ఒక పాలు, 74 ఆరు పాళ్ళు, 22 మూడు పాళ్ళు, 20 పావు పాలు.

1777 చివర్లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్ నుంచి లండన్‌కు వెళ్ళిన ఉత్తరంలోని లెక్క ఇది. రాసినవాడు జోసయా వెడ్జ్‌వుడ్, ఆ దేశంలో పింగాణీ వ్యాపారం తీరునే మార్చేసిన మనిషి. అందుకున్నవాడు అతని భాగస్వామి థామస్ బెంట్లీ. దారిలో తపాలావాడు విప్పినా, పోటీ వ్యాపారి ఎవరైనా డబ్బిచ్చి విప్పించినా వాళ్ళ చేతికి చిక్కేది కాసిని అంకెలే. ఏ అంకె ఏ దినుసో ఆ ఇద్దరికే తెలుసు. మనకు ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్పుకుందాం. 17 అంటే చెకుముకి రాయి పొడి, 22 అంటే మన్ను, 74 అంటే బెరైటీస్. మన కడప వైపు ముగ్గురాయి అంటారే, అదే. మంగంపేట గనుల పేరు మీరంతా వినే ఉంటారు. ఆ ముగ్గురాయిని మట్టిలో కలిపి కాల్చి వెడ్జ్‌వుడ్ సాధించిన సరుకే జాస్పర్. లేత నీలం నేల మీద తెల్లటి గ్రీకు బొమ్మలు ఉబ్బెత్తుగా ఉండే ఆ పాత్రలను మ్యూజియంలలో చూసే ఉంటారు.

ఆరు చెవుల్లో పడ్డ మంత్రం చెడుతుందని మన పెద్దల మాట. అంటే నాలుగు చెవుల దాకా పరవాలేదన్నమాట. ఈ రోజు నేను మాట్లాడేది ఆ నాలుగు చెవుల గురించే. వ్యాపార రహస్యం అనగానే ఇనప్పెట్టె, తాళం, నోరు విప్పని మనిషి గుర్తొస్తారు. 18వ శతాబ్దపు ఇంగ్లండు కార్ఖానాదారుల ఉత్తరాలు చదివితే నాకు వేరే సంగతి కనిపించింది. వాళ్ళు రహస్యాన్ని దాచింది నోరు మూసుకుని కాదు, రాసి. ఎవరికి రాయాలి, ఎంత రాయాలి, ఎంత మింగెయ్యాలి అన్న లెక్క తెలిసినవాడే నిలిచాడు.

అసలు రాయడం ఎందుకు, ఎవరికీ చెప్పకుండా తన దగ్గరే పెట్టుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. షెఫీల్డులో మూస ఉక్కు తయారుచేసిన బెంజమిన్ హంట్స్‌మన్ పేటెంటే తీసుకోలేదు, గోడల మధ్య పనిచేసుకున్నాడు. చలి రాత్రి బిచ్చగాడి వేషంలో ఒక పోటీదారు వచ్చి, కొలిమి దగ్గర పడుకుంటానని బతిమాలి, అంతా చూసి పోయాడని అక్కడ కథగా చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ, ఆ కాలంలో జనం దాన్ని నమ్మారు. స్కాట్లండులో ప్రెస్టన్‌పాన్స్ దగ్గర 1749లో రోబక్, గార్బెట్ అనే ఇద్దరు వ్యాపారులు కలిసి సీసపు గదుల్లో గంధకామ్లం తయారీ మొదలుపెట్టారు. అక్కడా ఎత్తైన గోడలే. పనివాడి నోటి నుంచి ఆ పద్ధతి బయటపడింది. చాలా ఏళ్ళకు, 1771లో, పేటెంటు తీసుకోబోతే కోర్టులో నిలవలేదు.

గోడ కట్టుకుని కూర్చోవడం వెడ్జ్‌వుడ్‌కు కుదరదు. అతను బర్స్‌లెమ్‌లో కుమ్మరి ఇంట పుట్టినవాడు. చిన్నప్పుడు మశూచి వచ్చి కుడి మోకాలు దెబ్బతింది. 1762లో పని మీద లివర్‌పూల్ వెళ్ళినప్పుడు ఆ మోకాలికే మళ్ళీ దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. వైద్యం చేసిన డాక్టరు, కాలక్షేపానికి పనికొస్తాడని తన స్నేహితుణ్ణి తీసుకొచ్చి పరిచయం చేశాడు. ఆయనే బెంట్లీ. లివర్‌పూల్ వర్తకుడు, చదువుకున్నవాడు, పెద్దమనుషుల్లో తిరిగేవాడు. వెడ్జ్‌వుడ్ కాలు 1768లో తీసేశారు. మరుసటి ఏడాది ఎట్రూరియా అనే కొత్త కార్ఖానా తెరిచి, అలంకార పాత్రల వ్యాపారంలో బెంట్లీని భాగస్వామిని చేసుకున్నాడు. బెంట్లీ లండన్ చేరి షోరూం చూసుకున్నాడు. తయారీ ఒక చోట, అమ్మకం ఇంకో చోట, మధ్యలో గుర్రపు దారి. ఏ రంగు ఎప్పుడు కుదురుతుందో, ఎన్ని పాత్రలు పంపగలడో, ఏది కొలిమిలో పగిలిపోతోందో తెలియకుండా బెంట్లీ ఆర్డర్లు ఎలా తీసుకుంటాడు? అందుకే రహస్యం తపాలా ఎక్కక తప్పలేదు.

ఇక్కడ ఆనాటి తపాలా గురించి రెండు ముక్కలు. ఉత్తరం ఖర్చు సాధారణంగా అందుకున్నవాడే ఇచ్చుకోవాలి. దూరాన్ని బట్టీ, కాగితాల సంఖ్యను బట్టీ ధర. కవరు వాడితే అదీ ఒక కాగితం కింద లెక్క, అందుకని రాసిన కాగితాన్నే మడిచి లక్కతో ముద్ర వేసేవాళ్ళు. పార్లమెంటు సభ్యుడి సంతకం ఉంటే ఉచితం. కాబట్టి పలుకుబడి ఉన్న వ్యాపారులు ఎంపీల చుట్టూ తిరిగేవాళ్ళు, అది వేరే కథ. మంత్రి వారంటు లేకుండా ఉత్తరం విప్పకూడదని 1711 నాటి చట్టం చెప్పింది. అదే తపాలా శాఖలో విదేశీ ఉత్తరాలు విప్పి చదివే రహస్య విభాగం ఒకటి ఉండేది. 1784లో మెయిల్ కోచ్‌లు వచ్చేదాకా ఇంగ్లండు రోడ్ల మీద తపాలా సంచీ మోసింది ఎక్కువగా గుర్రం మీది కుర్రాళ్ళే. లక్క ముద్ర మీద నమ్మకం ఎంత ఉండాలో అంతే ఉండేది.

మళ్ళీ జాస్పర్ దగ్గరికి వద్దాం. మంచి సరుకుంది ఇక్కడే.

1774 జులైలో వెడ్జ్‌వుడ్ బెంట్లీకి రాసిన ఉత్తరంలో చిరాకు అంతా ఇంతా కాదు. ముడి రాళ్ళు సరిగా దొరకడం లేదు, వచ్చినవి ఒకదానితో ఒకటి పోలడం లేదు. ఒకసారి పాత్ర అనుకున్నట్టు తెల్లగా, నున్నగా వస్తుంది. మరోసారి వేరే గడ్డ వాడితే దాల్చినచెక్క రంగు తిరుగుతుంది. ఒకసారి కరిగి గాజైపోతుంది, ఇంకోసారి పొగాకు గొట్టంలా పొడిబారి ఉంటుంది. ఈ మాటలు అతను పనివాళ్ళ ముందు అనలేడు. పక్క కార్ఖానా వాళ్ళ ముందు అసలు అనలేడు. ఏ రాయి దగ్గర తంటా పడుతున్నాడో చెబితే ఏ రాయి వాడుతున్నాడో చెప్పినట్టే. కాబట్టి ఆ గోడంతా వెళ్ళబోసుకునే చోటు ఒక్కటే.

చివరికి సరైన రాయి డెర్బీషైర్ గనుల్లోని ముగ్గురాయి అని తేలింది. డెర్బీషైర్ అంటే స్టాఫర్డ్‌షైర్‌కు పొరుగు జిల్లా, బండి కడితే వచ్చేస్తుంది. అదే అతని బాధ. ఎట్రూరియా గేటు ముందు ఆ రాళ్ళ బండి ఆగితే సాయంత్రానికల్లా కుండల ఊళ్ళన్నిటికీ తెలిసిపోతుంది. దగ్గరి దారిన తెప్పించుకునే ధైర్యం లేదనీ, ఉన్న రూపంలో తెప్పించుకునే ధైర్యం అంతకన్నా లేదనీ బెంట్లీకి రాశాడు. మారుపేరుతో, మారురూపంలో, చుట్టుదారిన రావాలి. పక్కింటి సరుకును ఊరంతా తిప్పి ఇంటికి తెచ్చుకోవడం వ్యాపార లెక్కలో దండగే. ఆ దండగ ఖర్చుకు సిద్ధపడ్డాడంటే రహస్యం విలువ ఎంతని కట్టాడో చూడండి.

సరుకు వచ్చాక కలపడం ఇంకో అవస్థ. అంకెల లెక్క పంపిన రోజుల్లోనే అంటాడు: ఈ మిశ్రమం రెండు టన్నులు కలిపించాను, ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియకుండా కలిపించడానికి నేను పడ్డ పాట్లు నీ ఊహకు అందవు. రెండు టన్నులంటే చేత్తో పిసికేది కాదు. కూలీలు, తూకం, నీళ్ళు, జల్లెళ్ళు అన్నీ ఉంటాయి. ఒక్కొక్కడు ఒక్కో ముక్క చూస్తాడు. ముక్కలన్నీ కలిపి చూసినవాడు ఒక్కడే. మన హైదరాబాదు చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇక్కడుంటే నవ్వుకుంటూ ఉంటారు. డ్రమ్ముల మీద పేరు బదులు నంబరు రాసే అలవాటు వాళ్ళకు కొత్త కాదు.

వెడ్జ్‌వుడ్ ఇంత దాచుకునేవాడా అంటే, ఎప్పుడూ కాదు. 1775లోనే స్టాఫర్డ్‌షైర్ కుండల వ్యాపారులందరూ కలిసి, ఉమ్మడి ఖర్చుతో, ఉమ్మడి ప్రయోగశాల పెట్టి, ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ మన్ను మీద పరిశోధన చేద్దామని ముందుకొచ్చింది ఆయనే. ఫలితాలు సభ్యులందరివీ. ఒక చేత్తో జాస్పర్ గుట్టు బిగించి పట్టుకుని, ఇంకో చేత్తో అందరినీ కలిసి రమ్మన్నాడు. నాకు ఇందులో ద్వంద్వనీతి కనిపించదు. తన వేలిముద్ర ఉన్న సరుకు తనది, అందరూ వాడే మన్ను అందరిదీ అనుకున్నాడు. పోటీదారులకు మాత్రం అంత తేలిగ్గా నమ్మకం కుదరలేదు. నిబంధనల దగ్గర తేడాలొచ్చి, ఆ ఏడాది ముగియకుండానే ఆ ప్రయత్నం చెదిరిపోయింది.

ఇప్పుడు ఒక పెద్ద ఉత్తరం గురించి చెప్పాలి. నా దృష్టిలో ఆ శతాబ్దంలో వ్యాపారులు రాసుకున్న ఆంతరంగిక ఉత్తరాలన్నిటిలోకీ ఖరీదైనది అదే.

1769 జనవరి 5న జేమ్స్ వాట్‌కు ఆవిరి యంత్రం మీద పేటెంటు వచ్చింది. ఆవిరిని సిలిండరులోనే చల్లబరచకుండా పక్కన వేరే పాత్రలో చల్లబరచడం ఆయన ఆలోచన. బొగ్గు ఖర్చు బాగా తగ్గుతుంది. పేటెంటు ఇచ్చాక నాలుగు నెలల్లో వివరాల పత్రం దాఖలు చెయ్యాలి. అందులో యంత్రం గురించి అందరూ చదువుకునేలా రాసి ఇవ్వాలి. ప్రభుత్వం ఇచ్చే గుత్తహక్కుకు అదే ప్రతిఫలం. వాట్ చిత్తుప్రతి రాసి బర్మింగ్‌హామ్‌లో ఉన్న మిత్రుడికి పంపాడు. ఆయన పేరు విలియమ్ స్మాల్, వైద్యుడు. అంతకుముందు అమెరికాలో పాఠాలు చెప్పాడు, థామస్ జెఫర్సన్ ఆయన శిష్యుడే. బర్మింగ్‌హామ్‌లో సోహో కార్ఖానా యజమాని మాథ్యూ బోల్టన్‌కు దగ్గరివాడు.

ఫిబ్రవరిలో స్మాల్ జవాబు రాశాడు. సారాంశం ఇది: బోల్టన్, నేను నీ కాగితం చూశాం. ఆఫీసులో ఒప్పుకుంటే గనక, బొమ్మలు ఇవ్వొద్దు, ఫలానా యంత్రం అని వర్ణన కూడా ఇవ్వొద్దు. కొన్ని సూత్రాలు కనిపెట్టానని మాత్రం వీలైనంత స్పష్టంగా రాయి.

ఎంత ముచ్చటైన సలహానో చూడండి. స్పష్టంగా రాయమంటున్నాడు, ఏమీ చెప్పొద్దంటున్నాడు. బొమ్మ గీస్తే పోటీదారు ఆ బొమ్మలో ఒక మర మార్చి, ఇది వేరే యంత్రం అంటాడు. సూత్రాన్నే పట్టుకుంటే ఎవడు ఎలా చేసినా మన గడప తొక్కక తప్పదు. వాట్ అలాగే చేశాడు. ఆయన దాఖలు చేసిన పత్రంలో ఒక్క బొమ్మ లేదు. లోకం కోసం రాసిన పత్రాన్ని ముగ్గురు మనుషుల మధ్య నడిచిన ఉత్తరం మలిచింది.

ఆ నెలలోనే బోల్టన్ వాట్‌కు స్వయంగా ఒక ఉత్తరం రాశాడు. మూడు జిల్లాల కోసమే యంత్రాలు చెయ్యడం తనకు గిట్టుబాటు కాదనీ, లోకమంతటికీ చేసే పనైతే గిట్టుతుందనీ అందులో ఉంది. ఈ మాటనే అందరూ ఉటంకిస్తారు. స్మాల్ సలహాను ఎక్కువమంది ఉటంకించరు. నాకైతే రెండూ ఒకే పథకంలోని రెండు ముక్కల్లా కనిపిస్తాయి.

1775లో బోల్టన్, వాట్ భాగస్వాములయ్యారు. పార్లమెంటు చట్టం చేసి పేటెంటును 1800 దాకా పొడిగించింది. అదే ఏడాది స్మాల్ చనిపోయాడు. ఆయన ఇచ్చిన సలహాకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది చాలా తరవాత. 1785లో రిచర్డ్ ఆర్క్‌రైట్ పత్తి యంత్రాల పేటెంటును కోర్టు కొట్టేసింది. వివరాల పత్రం ఎవరికీ అర్థం కాకుండా రాశాడన్నది అభియోగాల్లో ముఖ్యమైనది. వాట్‌కు ఆర్క్‌రైట్ అంటే ఏమంత ఇష్టం లేదు. అయినా ఆ తీర్పు విని గుబులు పడ్డాడు. వివరాలు చాల్లేదన్న మిషతో పేటెంట్లు కొట్టేసే పద్ధతి మొదలైతే తమ గతేమిటని బోల్టన్‌తో ఆ ఆందోళన పంచుకున్నాడు. కార్న్‌వాల్ గనుల యజమానులకు వాళ్ళ మీద అప్పటికే మంట. గనుల్లో నీళ్ళు తోడే ఆ యంత్రం వల్ల మిగిలిన బొగ్గులో మూడో వంతు విలువ రాయల్టీగా కట్టాలి మరి. 1790లలో పోటీ యంత్రాలు కట్టిన ఎడ్వర్డ్ బుల్ మీద, హార్న్‌బ్లోయర్ మీద దావాలు నడిచాయి. పత్రంలో యంత్రం ఎక్కడుంది, సూత్రానికి పేటెంటేమిటి అన్నదే వాదన. 1795లో న్యాయమూర్తులు చెరి ఇద్దరుగా చీలిపోయారు. 1799లో గానీ తుది తీర్పు రాలేదు. వాట్ పక్షమే గెలిచింది, ఆపాటికి పేటెంటు గడువు ఇంకో ఏడాదే మిగిలింది.

కాగితం మీద ఇంత జాగ్రత్తపడ్డవాళ్ళకు నోటితోనే దెబ్బ తగిలింది. యంత్రం పైకీ కిందికీ ఆడే కదలికను చక్రం తిరిగే కదలికగా మార్చడానికి క్రాంక్ అనే వంకర పిడి వాడదామని సోహోలో ప్రయత్నాలు జరుగుతున్నాయి. అక్కడి పనివాడు ఒకడు దగ్గర్లోని సారాయి అంగడిలో కూర్చుని నోరు జారాడని వాట్ నమ్మకం. 1780లో జేమ్స్ పికార్డ్ అనే బర్మింగ్‌హామ్ వ్యాపారి దానికి పేటెంటు తెచ్చుకున్నాడు. సానరాయి తిప్పేవాడికి కూడా తెలిసిన క్రాంక్‌ను ఆవిరి యంత్రానికి తగిలించడం, రొట్టె కోసే కత్తితో జున్ను కోయడం లాంటిదని వాట్ తరవాత ఎద్దేవా చేశాడు. ఎద్దేవా చేసినా దారి మూసుకుపోయింది. చుట్టూ తిరిగి, సూర్యుడు-గ్రహం అనే పళ్ళ చక్రాల అమరిక ఆలోచించి 1781లో దానికి వేరే పేటెంటు తీసుకోవాల్సి వచ్చింది.

వాట్ ఉత్తరాల బరువు వెడ్జ్‌వుడ్‌కు ఉన్నదానికన్నా చాలా ఎక్కువ. కారణం వాళ్ళ వ్యాపారం తీరు. మొదటి ఇరవై ఏళ్ళూ బోల్టన్, వాట్ పూర్తి యంత్రం తయారుచేసి అమ్మలేదు. సిలిండరు జాన్ విల్కిన్సన్ ఇనుప కార్ఖానా నుంచి వెళ్తుంది, సున్నితమైన కవాటాలు సోహో నుంచి వెళ్తాయి, మిగతాది కొన్నవాడే తన ఊళ్ళో కమ్మరి, వడ్రంగి చేత చేయించుకోవాలి. వీళ్ళు ఇచ్చేది బొమ్మలు, కొలతలు, సూచనలు, ఒక మేస్త్రి. వాళ్ళ సరుకంతా ఉత్తరాల్లోనే ఉందనొచ్చు. ప్రతి ఉత్తరానికీ నకలు ఉండాలి, లేకపోతే రేపు కొలత తేడా వస్తే ఎవరి తప్పో తేలదు. నకలు రాయడానికి గుమాస్తా కావాలి. ఆ గుమాస్తా కొలతలన్నీ చదువుతాడు. ఇదే ముడి.

ఆ ముడిని వాట్ విప్పిన తీరు చూస్తే ఇంజనీరు బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. మిత్రుడు ఎరాస్మస్ డార్విన్ రెండు కలాలు ఒకేసారి కదిలే యంత్రమొకటి తయారుచేస్తున్నాడు. 1779లో వాట్ అతనికి రాశాడు, నకలు తీసే రసాయన పద్ధతి ఒకటి దొరికింది, నీ యంత్రం దాని ముందు ఎందుకూ కొరగాదు అని. అదే వేసవిలో పాత గురువు లాంటి ప్రొఫెసర్ జోసెఫ్ బ్లాక్‌కు కూడా రాశాడు. 24 గంటల లోపు రాసిన ఏ రాతనైనా క్షణంలో నకలు తీస్తున్నాననీ, వ్యాపారపు ఉత్తరాలన్నిటికీ అలాగే చేస్తున్నాననీ, నమూనా పంపుతున్నాననీ, పనికొస్తుందంటే రహస్యం చెప్తాననీ. ఆఖరి ముక్క గమనించారా? గుట్టు కాపాడే పరికరం కూడా మొదట గుట్టుగానే పుట్టింది, మొదట తెలిసింది స్నేహితులకే.

పని చాలా సులువు. జిగురు కలిపిన ప్రత్యేకమైన సిరాతో రాయాలి. పల్చటి కాగితాన్ని తడిపి, ఆ రాత మీద పరిచి, రోలరు కింద నొక్కాలి. సిరా కొంచెం ఆ తడి కాగితానికి ఎక్కుతుంది. అద్దంలో చూసినట్టు తిరగబడి పడుతుంది, కానీ కాగితం పల్చన కాబట్టి వెనక్కి తిప్పితే మామూలుగా చదవొచ్చు. 1780లో పేటెంటు తీసుకుని అమ్మకం మొదలుపెట్టారు. బోల్టన్ లండన్‌లో దాన్ని చూపించినప్పుడు బ్యాంకర్లు హడలిపోయారు, దొంగ సంతకాలకు తలుపు తీసినట్టేనని. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తెప్పించుకున్నాడు. గుమాస్తా కంట పడకుండా ఉత్తరానికి జత దొరికింది. అయితే అదే ప్రెస్ కాపీలు వేలకొద్దీ పేరుకుని, ఆనాడు ఎవరికీ చూపించని సంగతులన్నీ ఈనాడు మనం చదివేలా చేశాయి.

బోల్టన్, వెడ్జ్‌వుడ్ ఇద్దరి మధ్య సంబంధం మీద ఒక గంట విడిగా మాట్లాడొచ్చు. ఇద్దరూ మిత్రులు, ఒకరి కార్ఖానాకు ఒకరు వెళ్ళారు. వెడ్జ్‌వుడ్ పాత్రలకు బోల్టన్ బంగారు పూత లోహపు పిడులు, అంచులు తొడగాలని చూశాడు. తరవాత తానే పాత్రలు చేయిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ఆ సంగతి తెలిసిన వెడ్జ్‌వుడ్ బెంట్లీకి రాసిన మాట బాగుంటుంది. ఆ మనిషి నాకు నచ్చాడు, అతని తెగువ నచ్చింది, మిగతావాళ్ళలా చొల్లు కార్చుకుంటూ నకలు కొట్టే రకం కాదు అని. బోల్టన్‌తో ఎదురుపడి ఈ మాట అన్నాడో లేదో గానీ, బోల్టన్‌కు రాసే ఉత్తరాల్లో ఎంత మర్యాదో బెంట్లీకి రాసేదాంట్లో అంత నిజం ఉంది. ఒకే మనిషి ఒకే వారంలో ఇద్దరికి రాసిన ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చదివితే, దేనిలో ఏం వదిలేశాడో చూడటమే అసలు చదువు.

డబ్బు లెక్కలు కూడా ఇంతే ఆంతరంగికంగా నడిచాయి. 1772లో ఇంగ్లండులో బ్యాంకులు కుప్పకూలి అమ్మకాలు పడిపోయాయి. వెడ్జ్‌వుడ్ కూర్చుని ఒక్కో పాత్రకు అసలు ఎంత ఖర్చవుతోందో లెక్క కట్టడం మొదలుపెట్టాడు. అచ్చులు, బొమ్మలు, అద్దె, జీతాల్లాంటి ఖర్చులు గడియారంలా నడుస్తూనే ఉంటాయి, సరుకు ఎక్కువ చేసినా తక్కువ చేసినా అంతే అని బెంట్లీకి రాశాడు. అందుకే ఒకే రకం ఎక్కువ చేస్తే ఒక్కోదాని ఖర్చు తగ్గుతుందని. ఇవాళ కామర్స్ పిల్లలు మొదటి ఏడాది చదివే పాఠం అది. ఆ లెక్కలు తవ్వుతుంటేనే లండన్ షోరూం గుమాస్తా చేతివాటం కూడా బయటపడింది. అసలు ఖర్చు ఎంతో కొనేవాడికి తెలిస్తే బేరం ఆడతాడు, పోటీదారుకు తెలిస్తే ధర కోస్తాడు. కాబట్టి అదీ నాలుగు చెవుల సంగతే.

వీళ్ళంతా తమ గుట్టు ఇంత పదిలంగా చూసుకున్నారు, మరి ఇతరుల గుట్టు సంగతి? అక్కడ వీళ్ళ నీతి కొంచెం వదులు. నిపుణులైన పనివాళ్ళు విదేశాలకు పోకుండా 1719 నుంచే చట్టం ఉంది. 1774 తరవాత యంత్రాల ఎగుమతి మీదా ఒకదాని వెంట ఒకటి నిషేధాలు వచ్చాయి. 1783లో వెడ్జ్‌వుడ్ తన కుమ్మరి పనివాళ్ళనుద్దేశించి ఒక కరపత్రమే అచ్చువేశాడు, విదేశీ యజమానుల మాటలు నమ్మి వెళ్ళొద్దని. 1785లో ఆయన, బోల్టన్, గార్బెట్ అంతా చేరి తయారీదారుల మండలి పెట్టుకున్నారు. కానీ ఇంగ్లండు పింగాణీవాళ్ళు చైనా పాత్రలను చూసి, అద్దకంవాళ్ళు కోరమాండల్ తీరపు కలంకారీని చూసి నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అడగలేదు. యూరపు మొత్తం అంతే. 1742లో కోర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరీ మన తీరం నుంచి పారిస్‌కు ఒక పొడవాటి ఉత్తరం రాశాడు. ఆయనకు తెలుగు బాగా వచ్చు, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూడా కూర్చాడు. మతం పుచ్చుకున్న అద్దకపు పనివాళ్ళను అడిగి, బట్టకు కరక్కాయ, పాలు పట్టించడం దగ్గర్నుంచి రంగు ఎక్కేదాకా వరసగా రాసి పంపాడు. అది అచ్చయింది కూడా. ఆ పనివాళ్ళకు దాచుకోవడానికి అంకెల భాష లేదు, తమ మాటలు ఎక్కడ తేలుతాయో తెలుసుకునే వీలూ లేదు. వెడ్జ్‌వుడ్ జాగ్రత్తను మెచ్చుకునేటప్పుడు నాకు వీళ్ళు గుర్తొస్తారు.

నమ్మకస్తుడే ముంచిన సంగతి ఒకటి చెప్పి వదిలేస్తాను. జాన్ విల్కిన్సన్ లేకపోతే వాట్ యంత్రమే లేదు. సిలిండరును అంత గుండ్రంగా తొలిచే పద్ధతి అతనిదే, 1774 నాటిది. ఏళ్ళ తరబడి వాళ్ళ ఉత్తరాలు, బొమ్మలు అన్నీ అతని దగ్గరికి వెళ్ళాయి. 1790లలో అతనికీ అతని తమ్ముడు విలియమ్‌కూ ఆస్తి తగాదా వచ్చింది. కోపం మీద తమ్ముడు సోహోకు కబురు పెట్టాడు, మా అన్న మీకు రాయల్టీ కట్టకుండా మీ యంత్రాలు చేసి అమ్ముకుంటున్నాడని. నిజమేనని తేలింది. బోల్టన్, వాట్ అతన్ని పక్కన పెట్టి తమ సొంత సోహో ఫౌండ్రీ కట్టుకున్నారు. అన్ని ఉత్తరాలూ చదివినవాణ్ణి, ఇంట్లోవాళ్ళ ఒక్క ఉత్తరం పట్టించింది.

ఈ కాగితాలు మనదాకా ఎలా వచ్చాయంటే, అందులో మళ్ళీ సగం అదృష్టమే. బోల్టన్, వాట్ పత్రాలు ఇవాళ బర్మింగ్‌హామ్ గ్రంథాలయంలో ఉన్నాయి. వెడ్జ్‌వుడ్ కాగితాలది వేరే గతి. 1848లో జోసెఫ్ మేయర్ అనే లివర్‌పూల్ కంసాలి బర్మింగ్‌హామ్‌లో ఒక పాత సామాన్ల దుకాణానికి వెళ్ళాడు. ప్రాచీన వస్తువులు సేకరించే సరదా ఉన్నవాడు. అక్కడ గుట్టలుగా పడి ఉన్న పాత లెడ్జర్లు, ఉత్తరాలు వెడ్జ్‌వుడ్ కార్ఖానావి. దుకాణంవాడు వాటిని వెన్న, పంది మాంసం చుట్టుకోవడానికి చిల్లర కొట్లవాళ్ళకు తూకానికి అమ్ముతున్నాడు. మేయర్ మిగిలినవన్నీ కొనేశాడు. ఎన్ని అప్పటికే పొట్లాలైపోయాయో లెక్క లేదు. 2014లో మళ్ళీ గండం వచ్చింది. కంపెనీ పింఛను బాకీల కింద వెడ్జ్‌వుడ్ మ్యూజియం సేకరణంతా వేలం వేసే పరిస్థితి వస్తే, చందాలు, సంస్థల విరాళాలు కలిపి 1 కోటి 57 లక్షల పౌండ్లకు పైగా పోగుచేసి నిలుపుకున్నారు.

ఒక లోటు మాత్రం పూడలేదు. ఇప్పటిదాకా నేను చెప్పినదాంట్లో బెంట్లీ ఒక్క మాటా లేదు, గమనించే ఉంటారు. ఆయన ఉత్తరాలను వెడ్జ్‌వుడ్ పుస్తకాలుగా కుట్టించుకుని దాచుకున్నాడు. అవే నాకు పత్రికలు, అవే సమీక్షలు, ఇంకాస్తయితే నా బైబిల్ అనేవాణ్ణి అని రాశాడు కూడా. బెంట్లీ 1780 నవంబరులో పోయాడు. అంత పదిలం చేసిన ఆ ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎటుపోయాయో దొరకలేదు. రెండు టన్నుల మిశ్రమం సంగతి చదివి ఆయన ఏమన్నాడో, చుట్టుదారి పథకానికి నవ్వాడో, ఇంకో సలహా ఇచ్చాడో మనం వెడ్జ్‌వుడ్ తిరుగు టపా నుంచి ఊహించుకోవాల్సిందే. టెలిఫోనులో ఒకవైపే వింటూ అవతలి మాట అల్లుకునే పని అది. పరిశోధన చేసే పిల్లలు ఇక్కడ కొందరున్నారు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నాను, ఆ పని ఇంకా ఎవరూ తృప్తిగా చెయ్యలేదని నా అభిప్రాయం.

ఇక మీ ప్రశ్నలు అడగండి.